ఒత్తు ఊడిన చోట

మా కొండమీద ఇళ్లకి నంబర్లు పోస్టుమేను కోసం.
మాకు మాత్రం మెట్లే లెక్క.
నేను నూటనలభైమూడో మెట్టు,
వరహాలమ్మ నూటముప్ఫైరెండు.
మధ్యలో ఒక బండరాయి, ఒక నీళ్ల ట్యాంకు,
నా పెళ్లినాటి ఇనప బీరువా.

రూటరు ఆవిడింట్లో. బిల్లులో సగం నాది.
కేబులు కుర్రాడు ఇంతకన్నా పైకి తీగ లాగనన్నాడు,
మోకాళ్లు చూపించి.
"గాల్లో వచ్చేస్తదిలే అక్కా" అన్నాడు.

గాల్లో చాలా వస్తాయి చిట్టినగర్ కొండకి.
సొరంగం దగ్గర లారీ హారన్లు,
కింద ఎవరో వేయించే ఎండుచేపల వాసన,
ముసురు పడితే కృష్ణ మీది తడి.
నేను దిద్దిన మూడొందల ఇరవై పేజీలు మాత్రం
ఏలూరు రోడ్డు దాకా దిగవు.
నలభైఒక్క శాతం దగ్గర
గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి,
గానుగెద్దులా, తెల్లారేదాకా.

బీరువా జరిపాను.
వెనక బల్లి గుడ్లు దొరికాయి, ఎప్పటిదో చెవిదుద్దు దొరికింది,
సిగ్నల్ దొరకలేదు.
ల్యాప్‌టాప్‌ని జ్వరం బిడ్డలా భుజాన వేసుకుని
వాకిలంతా తిప్పాను.
పిట్టగోడ మీద రెండు గీతలు,
అంట్లు తోమే చోట మూడు.
అక్కడే పీట వేసుకుని ఏడో అధ్యాయం పంపాను,
కాళ్ల కింద సబ్బు నీళ్లు పారుతుంటే.

చివరికి కిందకి దిగి అనేశాను.
"ఫ్రిజ్జు వెనక దాస్తే ఎలా వస్తుంది వరహాలమ్మా?
మీ మనవడు పొద్దస్తమానం ఆటలాడితే నాకేం మిగులుతుంది?"
ఆవిడ మాట్లాడలేదు.
అట్లకాడ పళ్లెంలో పెట్టి
బాకీ వసూలుకొచ్చినవాళ్లని చూసినట్టు చూసింది.

మర్నాడు వాళ్ల వసారాలో,
పెరుగు కుండ ఉండాల్సిన ఉట్టిలో, రూటరు.
పిల్లికి అందనంత ఎత్తున
రెండు కొమ్ములూ పైకెత్తి
పచ్చగా మినుకుతోంది.
మనవడు మెట్లమీద ఒక్కడే గోళీలాడుతున్నాడు.

నా దగ్గర అవే రెండు గీతలు.

గవర్నరుపేటలో జిలానీ
ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన మనిషి.
తొమ్మిది మరలు విప్పి టీ సాసర్లో పోసి
టార్చి పళ్లతో పట్టుకుని చూశాడు.
"సిగ్నల్ వస్తానే ఉందమ్మా.
నీ పెట్టెకే చెవి ఊడింది."

గోరంత బిళ్ల.
దానికి వెంట్రుకల్లాంటి తీగలు రెండుండాలి.
నల్లది తన చోట ఉంది.
తెల్లది పక్కన పడి ఉంది.
ఇరవైఆరేళ్లుగా నేను పేజీల్లో వెతికేది దాన్నే:
ఒత్తు ఊడిన అక్షరాన్ని.
మెట్టు 'మెటు' అయిందంటే
చదువుతూ చదువుతూ కాలు జారుతుంది నాకు.

"ఎవరు విప్పారు దీన్ని?"

రోహిణీ కార్తెలో ఫ్యాను రొద పెడుతోందని
కూరల కత్తి మొనతో విప్పి
దుమ్ము తుడిచింది నేనే.
"ఏమో" అన్నాను.

ఆయన గోటితో తీగ కొసని ఒత్తాడు.
టిక్.
అంతే. అంత చిన్న చప్పుడు.

ఆ రాత్రి ఎసరు మరిగేలోపే
పుస్తకం మొత్తం కొండ దిగిపోయింది.
కింద నుంచి వరహాలమ్మ కేక:
"వస్తన్నాదేటి?"
"వస్తోంది."
"మరి ఉట్టిమీదెట్టాను గదా!"

తప్పు కనపడితే నిద్రపట్టని దాన్ని,
ఎర్ర పెన్ను ముడిలో గుచ్చుకుని వంట చేసేదాన్ని.
ఆ ఒక్కటీ దిద్దలేదు.
"అవును, ఉట్టి వల్లే" అన్నాను.
ఆ నెల బిల్లు మొత్తం నేనే కట్టాను.
మనవణ్ణి ఆడుకోనివ్వమని చెప్పాను,
నాకు రాత్రి పది దాటితే గానీ పనుండదని, అదీ అబద్ధమే.

ఇప్పటికీ దిగేటప్పుడు చూస్తాను.
రూటరు ఉట్టిలోనే ఊగుతుంటుంది.
పెరుగు కుండ కింద, అరుగుమీద,
మూతమీద సన్నికల్లు బరువుతో.
ఆ పిల్లి ఈమధ్య
బాగా ఒళ్లు చేసింది.