తవుడు ధర

జీడిపిక్కని సెవి కాడెట్టి ఆడించి
తేమెంతో సెప్పేసే మనిషివి గదా, దేవేంద్రం బాబూ,
మరి దీన్నేటి పైనుంచే సూసి మురిసిపోతన్నావు?
నల్లగా ఉన్నాది, నిజమే.
అద్దంలా ఉన్నాది, అదే నా బయం.
ఎనిమిదేళ్ల బండికి ఇలాటి మొకం
ఎవులో రాత్రంతా కూకుని తోమితేనే వొస్తాది.

ఇలగ రా. ఈ చిలకపాలెం ఎండలో కాదు,
షెడ్డు నీడలో సూడాలి.
ముందు తలుపూ, ఎనక తలుపూ
అన్నదమ్ముల్లాగున్నాయి గానీ కవలలు కావు.
ఏలితో కొట్టు. ఇక్కడ రేకు మోగింది.
ఇక్కడ మోగనేదు.
కింద పుట్టీ. పుట్టీ కింద ఏ లారీ దెబ్బో.

నాను రాకముందు స్టార్టు సెయ్యొద్దని
పొద్దున్నే ఫోన్లో సెప్పినాను.
అయినా సెయ్యేసేసరికి బానెట్టు
జొరమొచ్చిన పిల్లోడి నుదుర్లాగ కాల్తంది.
సల్లటి ఇంజను ఏటి మాటాడితే అదే సాచ్చికం.
వేడెక్కినాక అన్ని ఇంజన్లూ పెద్దమనుసులే.

ముప్పైయెనిమిది వేల కిలోమీటర్లట.
మీటరుదేటుంది, ఏది నేర్పితే అది సెప్తాది.
బ్రేకు పెడలు సూడు,
రబ్బరు మీద గీతల్నేవు,
సన్నికల్లులాగ నున్నగైపోనాది.
స్టీరింగు తోలు ఒకేకాడ మెరుస్తంది,
ఎవులో ఒంటిసేత్తో వొందల రాత్రులు లాగినాడు.
ఆడి పేరు కాయితాల్లో నేదు.
ఆడి నడుం నొప్పి మాత్రం
సీటు ఎడంపక్క గుంటలో ఇంకా ఉన్నాది.

గేరులోకేస్తే ఒక గుటక మింగి కదుల్తంది,
బాకీ అడిగినప్పుడు మనం మింగినట్టు.
రాత్రి నిలబెడితే తెల్లారేసరికి
ఎనక కుడిపక్క కూలబడతాది. గాలి బుడగ కారతంది.
దాని కరీదు ఇంటే నువ్వూ కూలబడతావు.

ఇంకొకటి.
సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగినాను.
ఎప్పుడూ ఎలుగు సూడని ఆ సివరి జానెడు మీద
బురద గీత.
వాసన సూసినాను. నాగావళి వొండ్రు నాకు తెలుసు,
మా గోడల మీద మూడుపాలు ఆరింది.
ఇది అది కాదు. ఉప్పు.
ఏదో సముద్రం పక్క ఊరు మునిగినప్పుడు
ఈ బండి పీకల్దాకా నీళ్లు తాగింది.

అమ్మే డిల్లేశు ఫోను సూసుకుంటన్నాడు.
నిన్న సాయంత్రం టీ కాడ
నాలుగు వేలు జేబులో ఎట్టబోయినాడు.
ఒద్దన్నాను. గట్టిగా అన్నేదు.
నా అప్పెంతో ఆడికి తెలుసు.

నువ్వేటీ మాటాడవు.
ఎనక తలుపు తీసి, లోపలికెక్కేముందు
సేతులు పంచెకి తుడుసుకున్నావు.
జీడి నూనె కాల్చిన మచ్చలు అలా తుడిస్తే పోతాయా, బాబూ?
ఆ మెత్తటి తోలు మీద
అంచుకే కూకుని అడిగినావు:
"ఎంతకిస్తే కొనొచ్చు, తవిటయ్యా?"

ధర నన్నడిగితే ఏటి సెప్తాను?
నాకు ముందు ముగ్గురు పోనారు.
పుట్టగానే మాయమ్మ నన్ను పక్కింటామె ఒళ్లో ఎట్టి
సేటెడు తవుడిచ్చి మల్లీ కొనుక్కున్నాది.
ఆ రోజు ఎవులూ నన్ను తిరగేసి సూడనేదు.
ఎడం సెవి ఇనబడదు నాకు, పుట్టుకతోనే.
అమ్మినామెకీ తెల్దు, కొన్నామెకీ తెల్దు.
తెలిసినాక కూడా
తవుడు తిరిగిచ్చీమని మాయమ్మ ఎల్లనేదు.

ఉండు. తొందరపడకు.
ఇంజను సల్లారింది.
ఈపాలి కుడిపక్కకి తిరిగి,
ఇనబడే సెవి ఆనించి సెప్తాను.
డిల్లేశూ, ఫోను జేబులో ఎట్టు.
తాళం తిప్పు.