పటకారు

గోడ మందం మీటరు పైనే.
అవతల, గుప్పిట్లో ఇమిడే ఓ సీసా.
ఇవతల బెద్రిష్కా, నేను.
మధ్యన పసుపుపచ్చని కిటికీ.

"చూడు. కానీ అద్దాన్ని నమ్మకు" అంటుందావిడ.
సీసం కలిసిన గాజు
ఉన్నదాన్ని ఉన్నచోట చూపించదు.
కాస్త ముందుకి జరిపి చూపిస్తుంది.
మొదటి నెలంతా నేను
అక్కడ లేని సీసానే పట్టుకుంటూ వచ్చాను.

ఈ గాజు పోసింది మా ఊరివాళ్ళే.
మా తాత ఇదే సీసం కలిపి
పెళ్ళిళ్ళకి వైన్ గ్లాసులు ఊదేవాడు.
గోటితో మీటితే
మాట మర్చిపోయేంతసేపు మోగేవి.
ఈ కిటికీని ఎవరూ మీటరు.
టన్ను బరువు.
ముప్పై ఏళ్ళు కనపడని వెలుగు తాగి తాగి
అంచుల్లో తేనెరంగుకి తిరిగింది.

గోడ పైనుంచి లోపలికి దిగిన రెండు ఉక్కు చేతులు.
ఇక్కడ నా వేళ్ళు ముడిస్తే
అక్కడ దవడలు ముడుచుకుంటాయి.
తాడు, కప్పీ, ఉక్కు టేపు. అంతే.
నూతి గిలక తిప్పినవాళ్ళెవరికైనా
సగం అర్థమయ్యే విద్య.
మిగతా సగానికి ఏడేళ్ళు పడుతుందట.

ఉత్తుత్తి గదిలో పరీక్ష పెట్టింది.
సూదిలో దారం ఎక్కించు.
అగ్గిపుల్ల గీసి కొవ్వొత్తి వెలిగించు.
కోడిగుడ్డు కొట్టి, పచ్చసొన చెదరకుండా గిన్నెలో వెయ్యి.
పదకొండు గుడ్లు చితికాయి నా చేతుల్లో,
నావి కాని నా చేతుల్లో.
ఆ రాత్రి షిఫ్టందరికీ ఆమ్లెట్టే.

ఆవిడకి పని నేర్పినాయనకి
చూపుడువేలికి గోరు లేదు.
ఆ రోజుల్లో పొడుగాటి పటకారు, ఓ అద్దం,
"ఒక్క నిమిషమే కదా" అన్న ధైర్యం.
అంతకు మించి ఆవిడ చెప్పదు.
లోకం చేతులు కాలాక ఆకులు పట్టుకుంటుంది.
ఈ వల్తావా ఒడ్డున
చేతులు కాలినవాళ్ళు
చేతుల్నే చేసుకొచ్చారు.

అయినా మూత జారేది.
సన్నటి మూత, నున్నటి ఉక్కు.
మెకానిక్ ఓట్మార్ ఓ సోమవారం
ఇంట్లో దోసకాయల ఊరగాయ జాడీకుండే
ఎర్ర రబ్బరు చుట్టు పట్టుకొచ్చి, కత్తిరించి
గూట్లోంచి లోపలికి పంపాడు.
ఒక ఉక్కు చెయ్యి రెండో దానికి
ఉంగరం తొడిగినట్టు తొడిగింది.
రెండు వారాలకే రబ్బరు పెళుసెక్కి రాలేది.
మళ్ళీ ఇంకో జాడీ.
ఆ చలికాలం వాళ్ళింట్లో
దోసకాయలన్నీ బూజుపట్టాయి, భార్య పలకలేదు.
రిజిస్టరులో ఒకే మాట ఉంది:
"పట్టు మెరుగైంది."
కింద సంతకం కూడా లేదు.

ఈ రాత్రి బెద్రిష్కా ఆఖరి షిఫ్టు.
మూత పడింది. దొర్లింది.
తూకం యంత్రం వెనక చీకట్లోకి పోయింది.
నాలుగింటికి వ్యాను.
సీసాలోది ప్రతి గంటకీ కాస్త కాస్త తరిగిపోతోంది.
ఓలోమోత్స్ ఆసుపత్రిలో ఎవరో
పరగడుపున, పొద్దున్నకోసం పడుకుని ఉంటారు.
ఆవిడ తిట్టలేదు. కుర్చీ వెనక్కి నెట్టి
చెప్పులు విప్పేసింది.
నలభై నిమిషాలు
గోడకి చెవి ఆనించినదానిలా నిలబడి
చూపుకి అందని మూలని
భుజంతో తడిమింది.
"దొరికింది" అనికూడా అనలేదు.
ఊపిరి వదిలితే నాకే తెలిసింది.

సీసా సీసపు కుండలోకి దిగింది. వ్యాను వెళ్ళిపోయింది.
పిడులు వదిలేసి వేళ్ళు దులుపుకుంది.
లోపల ఆ చేతులు
ఆవిడ వదిలినచోటే గాల్లో ఆగిపోయాయి,
ఎవరికో ఏదో అందించబోతున్నట్టు.

బయటికొచ్చేముందు యంత్రంలో అరచేతులు పెట్టాం.
పచ్చదీపం. మామూలే.

క్యాంటీన్లో టీ పోశాను.
కప్పు కోసం చెయ్యి చాపింది ఆవిడ,
కప్పు దాటి, ఓ జానెడు అవతలికి.
టీ అంతా బల్ల మీద.
"చూశావా" అంది,
తుడవడానికి గుడ్డ వెతుకుతూ.