డెబ్బైతొమ్మిది కిలోలు

నవంబరు మూడో ఆదివారం
ఒనిబారా మూడొందల ఏళ్ళు వెనక్కి నడుస్తుంది.
తొమ్మిదింటి బస్సు దిగేసరికే
కరెంటు తీగల కింద ఈటెలు బారులు తీరి ఉన్నాయి.

ఇక్కడి క్లినిక్‌లో పదకొండేళ్ళుగా నర్సుని.
నాకు ఈ ఊరి మొహాలకన్నా మణికట్లు బాగా తెలుసు.
విగ్గు పెట్టినా, మీసం అతికించినా
నా దగ్గర దాక్కోవడం కష్టం.
ఆ రెండు కత్తుల వీరుడు నూట అరవై బై వంద,
ఉప్పు మానడు.
తెల్లగుర్రం కళ్ళెం పట్టుకున్నది
సూది చూస్తే కళ్ళు తిరిగే పోస్ట్‌మాన్ తెరుహికొ.
పళ్ళ డాక్టరు అకుత్సు ఇవాళ దొరగారి చెప్పులు మోసే మనిషి,
ఏడాదికి ఈ ఒక్కరోజే ఆయన ఎవరి నోటివంకా చూడడు.
గడ్డి చెప్పుల్లోంచి తొంగిచూసే సాక్సు,
అట్టముక్కలకు నల్లరంగు పూసిన కవచాలు,
వాన పడితే ఇంతే సంగతులు.
"నిజం కత్తేనా?" అడిగింది ఒక పిల్ల.
"వెదురు. శత్రువుకి చెప్పకు."

"కిందికి... కిందికి..." ముందు నడిచేవాడి కేక.
ఆ రోజుల్లో అది వినపడితే మట్టికి నుదురు ఆనించాలట.
ఇప్పుడు అందరూ ఫోన్లెత్తుతారు.

తర్వాత పల్లకి.
ఖాళీ పల్లకి.

ఇరవైమూడేళ్ళు అందులో దొరవారు
సారా కొట్టు కురొయివా గారే.
తలుపు సందులోంచి పిల్లలకి నువ్వుల బిళ్ళలు విసిరే దొర,
మలుపు దగ్గర కాళ్ళు తిమ్మిరెక్కాయని
బోయీలని పేరుపేరునా తిట్టే దొర.
ఆగస్టులో పోయారు.
ఆ చోట కూర్చోవడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు.

వంతెన దాకా కూడా రాలేదు పల్లకి.
బరువు లేక అడుగులు తప్పుతున్నాయి.
ముందువాళ్ళది పరుగు, వెనకవాళ్ళది తడబాటు,
నీళ్ళున్నాయనుకుని ఎత్తిన ఖాళీ బిందె
చేతిని మోసం చేసినట్టు.

పెద్దబోయీ సుగెనొ ఊరేగింపు ఆపేశాడు.
జనంలో నిలబడ్డ ఇత్సుయె గారి ముందు వంగి
బియ్యం ధర అడిగినంత మామూలుగా అడిగాడు:
"అమ్మా, ఆయన ఎంత ఉండేవారు?"

"డెబ్బైతొమ్మిది."
తడుముకోలేదు ఆవిడ.

జులై ఆఖరున ఆయన్ని తూకం మీద నిలబెట్టింది నేను.
నిలబెట్టడమంటే, నడుం పట్టుకుని.
ముల్లు నలభైతొమ్మిది దగ్గర ఆగింది.
"మీ తూకం పాడైంది" అన్నారాయన,
"మా కొట్లో మంచిదుంది, పంపిస్తాను."
ఆవిడ పక్కనే ఉంది. ముల్లుని నాతోపాటే చూసింది.

నేనేమీ అనలేదు.

కొట్టు షట్టర్ లేచింది.
ఒక్కొక్కటికీ గడ్డి చుట్టి, పెద్ద సాకే సీసాలు
ఇరవై ఎనిమిది.
తెరుహికొ అందిస్తుంటే పళ్ళ డాక్టరు లెక్కపెట్టాడు.
ఇంకా రెండు కిలోలు తక్కువన్నారు.
ఆవిడ లోపలికి వెళ్ళి
ముల్లంగి ఊరేసే తొట్టి మీది రాయి తెచ్చింది,
ఏప్రన్‌తో తుడిచి
దొరవారు తల వాల్చే చోట పెట్టింది.

"ఎయ్... హో."
లేచింది పల్లకి.
నాలుగు మెడల మీద నరాలు తేలాయి.
సుగెనొకి నొప్పిగా ఉంది,
హాయిగా కూడా ఉంది, మొహం దాచలేకపోయాడు.
అడుగులో అడుగు పడింది.
మలుపు దగ్గర సీసాలు గలగలమన్నాయి.
"తిడుతున్నారు" అన్నారు ఇత్సుయె గారు.

"కిందికి... కిందికి..."
ఈసారి కొన్ని ఫోన్లు దిగాయి.

సాయంత్రం బడి జిమ్ములో
విగ్గులన్నీ బల్ల మీద వరసగా పెట్టి
దొరవారిని తాగేశారు.
రెండు కత్తుల వీరుడికి అరగ్లాసు దాటనివ్వలేదు నేను.

ఆరున్నరకి ఆఖరి బస్సు.
కిటికీలోంచి చూస్తే ఇత్సుయె గారు
రాయిని రెండు చేతులా పొట్టకానించుకుని
ఇంటికి మోసుకెళ్తున్నారు.
మెల్లగా, అడుగు తప్పకుండా.