ముప్పై అయిదు దారులు

తొమ్మిదో తరగతి అయిపోయిన ఎండాకాలం
మా మున్సిపల్ హైస్కూల్లో పరీక్ష పెట్టి
నలభై మందిని ఏరారు,
ఇరవై ఒక్క రోజుల లెక్కల శిబిరానికి.
ఫీజు లేదు. పదకొండింటికి ఉప్మా పొట్లం.
సగం తిని సగం తమ్ముడికి మడిచేదాన్ని.
నూనె నోటుబుక్కులోకి దిగి
ప్రతి లెక్కా వెనక పేజీలోకి తొంగిచూసేది.

మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
గది గదంతా తుమ్మేది.
సుభానీ సారు సుద్దముక్క ఆపి
"మిరపకాయ హాజరు" అనేవారు.
ఆయన జవాబు చెప్పరు.
అడిగితే మన ప్రశ్నే మళ్ళీ మనకి
కాస్త ఇస్త్రీ చేసి ఇచ్చేవారు.

ఆరో రోజు బోర్డు మీద బ్రాడీపేట గీశారు.
నిలువునా లైన్లు, అడ్డంగా అడ్డరోడ్లు.
పుట్టినప్పట్నుంచీ తిరిగిన వీధులు
గళ్ళ లుంగీలా పరుచుకున్నాయి.
రెండో లైను నాలుగో అడ్డరోడ్డు నుంచి
ఐదో లైను ఎనిమిదో అడ్డరోడ్డుకి
వెనక్కి తిరగకుండా పోవాలి.
ఎన్ని దారులు?

నేను పెన్సిలుతో నడిచాను.
ముప్పై ఒకటి దగ్గర కాళ్ళు తడబడ్డాయి,
పోయిన దారినే మళ్ళీ పోయానేమోనని.
పక్కన కెజియా వేళ్ళు మడిచి ఇరవై ఎనిమిదంది.
"నడవకండి. ప్రతి మూలనీ అడగండి,
నీ దాకా ఎన్ని రకాలుగా రావచ్చని."
అడిగితే మూలలు చెప్పాయి.
ఒకటీ ఒకటీ రెండు. రెండూ ఒకటీ మూడు.
పెరిగి పెరిగి ఆఖరి మూలలో
పదిహేనూ ఇరవయ్యీ ఎదురుపడి
ముప్పై అయిదు.
కరెంటు ఎప్పుడు పోయిందో,
ఫ్యాను ఎప్పుడు ఆగిందో
నాకు తెలీదు.

రాత్రి నాన్నకి చెప్పాను.
ఇస్త్రీపెట్టె విదిలించి బూడిద ఊదుతున్నాడు.
ఆయన బండి ఆ వీధుల్లోనే.
ఇంటి నంబర్లు చదవడు, కాలర్లు చదువుతాడు.
"ముప్పై అయిదా! నాకు రెండే తల్లీ.
పొద్దున నీడుండేది ఒకటి, సాయంత్రం నీడుండేది ఒకటి.
మూడో లైను ఆరో అడ్డరోడ్డు మూల మాత్రం తొక్కను."
కుక్కా?
"కుక్క మంచిదే. ప్లీడరు గారిది నాలుగు నెలల బాకీ.
నన్ను చూస్తే పేపరు అడ్డం పెట్టుకుంటాడు.
పెద్దాయనకి ఎందుకులే ఆ ఇబ్బంది."

డాబా మీద చాప పరిచి
చీకట్లోనే ఆ మూల కొట్టేశాను.
దాని దాకా మూడు, దాన్నుంచి ఆరు.
పద్దెనిమిది దారులు పోయాయి.
పదిహేడు మిగిలాయి.

మర్నాడు బోర్డు దగ్గర అదే చెప్పాను.
సారు సుద్దచేతులతోనే కళ్ళజోడు సర్దుకున్నారు.
"భేష్. ఆ మూల ఎందుకు మూశావమ్మా?"
"కాలవ తవ్వారు సార్."
ముందు బెంచీలోంచి శశాంక్ లేచాడు.
"అది మా ఇల్లే సార్. అక్కడెవరూ ఏం తవ్వలేదు."
గది నవ్వింది.
వాడి చొక్కా నాకు తెలుసు.
కాలరు లోపల మా నాన్న నల్లసిరాతో పెట్టిన
మూడు చుక్కలు కూడా తెలుసు.
నేను నేల చూశాను.
"తవ్వకపోయినా పదిహేడు పదిహేడే" అని
సారు బోర్డు చెరపకుండా
మంచినీళ్ళకి వెళ్ళారు.

ఆఖరి రోజు సర్టిఫికెట్టిచ్చారు.
భూలక్ష్మి బదులు బాలలక్ష్మి అని పడింది.
దిద్దించలేదు. నాన్న రెండువైపులా తిప్పి చూసి
మడత పడుతుందని
చొక్కాల మధ్య పెట్టాడు.

ఆ సాయంత్రం ఆయనకి నడుం పట్టేసింది.
మూట నేనెత్తుకున్నాను.
రెండో లైను దాటి మూడో లైనులోకి తిరిగాను,
నీడ లేని వైపు.
ఆరో అడ్డరోడ్డు.
అరుగు మీద పేపరు పైకి లేచింది.
కుక్క వచ్చి మూట వాసన చూసి తోకాడించింది.
గేటు లోపల సైకిలు తుడుస్తున్న శశాంక్ తలెత్తాడు,
మూటని చూశాడు, నన్ను చూశాడు,
తన కాలరు తడుముకున్నాడు.

ఆగలేదు నేను. పరిగెత్తనూ లేదు.
ముప్పై అయిదులో ఇదీ ఒకటి అనుకుంటూ
ఇంకా వేడి ఆరని చొక్కాలు
గుండెకి ఆనించుకుని
నాలుగో లైను వైపు తిరిగాను.