రేకుల మీద పేర్లు

ఫ్లెక్సులొచ్చినంక నా కుంచెలు
ఎండిన చేపల లెక్క డబ్బాల పడున్నయి.
పన్నెండేండ్లు.
ఎలక్షన్లొచ్చినా గోడ రాయమని ఎవడు పిలువలే.
గుట్ట పిలిచింది.

ఎలుగుల గుట్ట. జగిత్యాల దాటినంక
సగం కొరికి పారేసిన జామకాయ లెక్క కనవడ్తది.
తూర్పు దిక్కంత క్వారీవోళ్లు కోసుకపోయిండ్రు.
పలకలు పలకలుగ, లారీలెక్కి, ఓడలెక్కి
ఏ దేశంలనో, ఎవరి వంటింట్లనో పరుసుకున్నది మా తూర్పు.
ఆ గుంతల నిలిచిన నీళ్లే
పడమటి దిక్కు చెట్లకు తాపుతరు.

"రాజలింగన్నా, రేకుకు ఇరవై ఐదు,
పైన తెలుగు పేరు, కింద ఈ పొడుగు పేరు"
అన్నది బీట్ ఆఫీసర్ నవనీత మేడం.
పొడుగు పేరు నాకు సదువరాదు.
ఒక్కొక్క అక్షరాన్ని చీమను పట్టినట్టు పట్టి
రేకు మీద దించిన.

అసలు లొల్లి తెలుగు కాడ.
తపసి అని నేను రాస్తే
మేకల మొండయ్య ఉరికొచ్చి "పొలికి రా అది" అన్నడు.
నాయకపోడు దుబ్బయ్య తాత రెండింటికీ తలూపలే,
తెల్లటి బెరడును గోరుతోటి గీరి
"జిగురిచ్చేది" అన్నడు.
మూడూ రాసిన.
మేడం పైసలు ఒక్కదానికే ఇచ్చింది.

పొద్దుగాల ఐదింటికి పోలీసు ఉద్యోగాల పోరలు ఉరుకుతరు.
వాళ్లకు చెట్టంటే దూరం.
మోదుగ కాడికెళ్లి జిట్రేగు దాక వంద మీటర్లు,
ఆడికెళ్లి ఇప్ప దాక ఇంకో వంద.
షుగరున్నోళ్లు నేరేడు గింజలేరుకుంటరు.
ప్రేమించుకునేటోళ్లకు బూరుగ ముండ్లు అడ్డం,
అందుకని నా రేకుల మీదనే మొలతోటి పేర్లు గీకుతరు.
నిర్మల్ దిక్కు బొమ్మలు చేసే ముసలాయన ఒకసారొచ్చి
పొనికిని బర్రెను తట్టినట్టు తట్టి
"ఇండ్ల ఎన్ని గుర్రాలున్నయో" అనుకుంట పోయిండు.

మొన్న బతుకమ్మకు ముందట
తంగేడు పూలకని ఐదుగురు అవ్వలు ఎక్కిండ్రు,
మోకాళ్లు పట్టుకుంట, కూసుంట, లేసుకుంట.
పూలు తెంపొద్దని బోర్డున్నది. రాసింది నేనే.
వాచ్‌మన్ ఖాజామియా అటు మొకం తిప్పి బీడీ ముట్టిచ్చుకున్నడు.

లసుమవ్వ ఒక చెట్టు కాడ ఆగింది.
"ఇదేం చెట్టు బిడ్డా?"
"తునికి."
చెయ్యి ఎనుకకు తీసుకున్నది. మల్ల పెట్టింది.

నలభై మూడేండ్లు. దినాం వెయ్యి బీడీలు.
ఆకు కట్టలుగ వచ్చేది, కట్టలు షెడ్డుకెళ్లి వచ్చేటియి,
షెడ్డుకు యాడికెళ్లి వచ్చేటియో అడుగలే.
అడిగేటోళ్లకు టేకేదారు తక్కువాకు ఇచ్చేటోడు.
చెట్టును ఇయ్యాలనే చూస్తున్నది.

"గింత పచ్చగుంటదా" అన్నది, నాతోటి కాదు.
ఒక ఆకు తెంపింది.
కత్తెర లేదు, తంబాకు లేదు.
ఏళ్లే మలిచినయి, ఏళ్లే చుట్టినయి,
గోరు మూతి ముడిచింది.
పచ్చి ఆకు, ఆగలే. ఇచ్చుకున్నది.
మల్ల చుట్టింది. మల్ల ఇచ్చుకున్నది.
అవ్వ నవ్వింది, నవ్వు దగ్గయింది,
దగ్గు శానసేపు పోలే.

"రేకు మీద ఏం రాసినవ్?"
"తునికి అని."
"గంతేనా?"

ఆ రేకు ఊడదీసి ఇంటికి తెచ్చుకున్న.
నాలుగొద్దులాయె, మంచం కింద ఉన్నది.
పేరు కింద ఇంకా మూడేళ్ల జాగ ఉన్నది.
టర్పెంటు వాసనకు తలనొస్తుందని నా పెండ్లాం గులుగుతున్నది.
కుంచె నానుతనే ఉన్నది.

గుట్ట మీద పేరు లేకుంట నిలవడ్డది అదొక్కటే ఇప్పుడు.
మేడం రెండుసార్లు ఫోన్ చేసింది.
పొద్దుగాల ఉరికే పోరలు మాత్రం ఆగలే.
జిట్రేగు దాటినంక అవ్వ చెట్టు, అంటున్నరట,
ఆడ మలిగొస్తే నాలుగొందలు.