తెగాల్సిన తీగ

పొందూరులో ఆ ఇంటి బోర్డు విప్పుతుంటే
ముందు రాలింది బల్లిగుడ్డు పెంకు,
తరవాత చారెడు చీమల మన్ను,
ఆ తరవాత కాలిన వాసన.
ఎప్పుడో కాలి
ఎవరికీ చెప్పకుండా ఊరుకున్న వాసన.

సూరీడమ్మ అరుగు దిగలేదు.
వాలుగ చేప దవడతో దూది దువ్వుతూనే అడిగింది:
"ఏటి కూర్మారావూ, గోడ ముడితే జుమ్మంటంది.
వానాకాలం గోడకి కూడా పేణం వస్తాదేటి?"

వస్తుంది.
పెంకుల సందున కారిన నీరు
చెక్క బద్దీ వెంట, మేకు వెంట దిగి
యాభై ఏళ్ల తీగ దగ్గర ఆగుతుంది.
స్తంభం దగ్గర కరెంటు తీయించి లాగితే
చేతిలోకే వచ్చేసింది,
లోపలి రబ్బరు పొడై, పైన నూలు అల్లిక మాత్రం మిగిలి.
ఆవిడ అందుకుని వేళ్ల మధ్య నలిపింది.
"మిల్లు నూలు. ఇరవై కౌంటు కూడా ఉండదు.
దీన్ని నమ్ముకొనా ఇన్నాళ్లూ తొంగున్నాం?"

అప్పట్లో ఈ ఇంటికి మూడు బల్బులు, ఒక రేడియో.
ఇప్పుడదే తీగ మీద
ఫ్రిజ్జు, గ్రైండరు, కూలరు,
కోడలి కుట్టు మిషను మోటారు,
మనవడు చార్జింగు పెట్టి మరిచిపోయిన స్కూటరు.

నిచ్చెనెక్కి గుమ్మం పైనున్న
ఫ్యూజు పింగాణీ ఊడదీశాను.
లోపల దబ్బనమంత రాగి తీగ.
మూడు పేటల మెలి, చివర ఎడమకి వంపు.
నా మెలి నాకు తెలీదా?
నాది ఎడంచేతి వాటం.

పదిహేడేళ్ల గుంటణ్ణి అప్పుడు.
మా మేస్త్రి సన్నాసి భోజనానికి వెళ్లాడు.
రోహిణి ఎండ. పొద్దుట్నించి నాలుగోసారి ఫ్యూజు పోయింది.
"మరి పోకుండా చేసీ బాబూ" అంది ఈవిడే.
చేసేశాను.
రెండు అరిసెలు, ఐదు రూపాయలు.
"ఆ గుంటడి చెయ్యి పడ్డాక మా ఫ్యూజు పోనేదు"
అని ముప్పై ఏళ్లుగా వీధంతా చెప్పుకొచ్చింది.
ఆ మాట మీదే నాకు సగం ఊరు పనిచ్చింది.

నిచ్చెన మీదే కూర్చుండిపోయాను.
తీగ జేబులో వేసుకుంటే చాలు,
ఎవరూ అడగరు.
కింద రాట్నం తిరుగుతోంది.

చెప్పాను.

రాట్నం ఆగలేదు. కదురు దగ్గర పోగు తెగింది,
అతుక్కుంది, మళ్లీ సాగింది.
"తెగాల్సినప్పుడు తెగాల బాబూ.
తెగని నూలు వేలు కోస్తాది.
ఈపాటి నీకెవులూ చెప్పనేదేటి?"
కాసేపటికి:
"నా అరిసెలు నాకిచ్చీ."

మర్నాడు పెరట్లో మనిషిలోతు గొయ్యి.
గొట్టం దింపి చుట్టూ ఉప్పు, బొగ్గు,
మళ్లీ ఉప్పు, మళ్లీ బొగ్గు.
"ఆవకాయ జాడీకైనా ఇంత ఉప్పు పట్టదు" అంది కోడలు.
ఎండాకాలం దీనికి రోజూ బిందెడు నీళ్లు పొయ్యమన్నాను.
గదిగదికీ కొత్త తీగలు.
ఎర్రది తెస్తుంది, నల్లది తీసుకుపోతుంది.
మరి ఆకుపచ్చది?
అది ఏ పనీ చెయ్యదమ్మా.
ఏదో ఒక రోజు కోసం ఊరికే ఉంటుంది.

కొత్త బోర్డులో చిన్న బొత్తాం, "టి" అని రాసి.
నెలకోసారి నొక్కాలి.
నొక్కితే ఇల్లంతా ఆరాలి,
ఆరకపోతే నాకు కబురు పెట్టాలి.
సూరీడమ్మే వచ్చి నొక్కింది.
టక్.
ఫ్యాను నెమ్మదించింది, ఫ్రిజ్జు నోరు మూసింది.
"దీనికి తెగడం తెలుసు" అని
వెళ్లి రాట్నం ముందు కూర్చుంది.

సాయంత్రం కూలి తీసుకుని
సంచీ సైకిలుకి తగిలించాను.
జేబులో రాగి ముక్క తొడకి గుచ్చుకుంటోంది.
ఎదురింటి తలుపు కొట్టాను.
"నిన్ను పిలవనేదే?" అన్నాడాయన.
"పిలవలేదు.
మీ ఫ్యూజు ఎన్నేళ్లుగా పోలేదు?"