నల్లరాయి మునిగే అంకె

బిష్కెక్‌లో నాలుగో అంతస్తు.
కిటికీ అవతల బొగ్గుపొగ,
ఇవతల వేడినీళ్ల గొట్టం మీద
ఆరుతున్న నా చేతితొడుగులు.
కుర్చీ కదపకుండానే
రోజూ కొండెక్కుతాను.

మూడువేల ఆరువందల మీటర్ల పైన
రేకుల గదిలో ఒక కంప్యూటర్.
పక్కనే మంచు కరిగి పుట్టిన సరస్సు.
సరస్సు కింద లోయ, లోయలో కెన్‌బులాక్,
నూట పన్నెండు ఇళ్లు, ఒక బడి,
బడి కప్పు మీద ఒక సైరన్.
నీళ్లు ఎంత ఎత్తుకొస్తే అది మోగాలో
ఆ రేకుల గదిలో, ఒక ఫైల్లో,
ఒకే ఒక్క వరుసలో ఉంటుంది.

పాస్‌వర్డ్ కొడతాను.
అక్కడి తలుపు ఇక్కడ తెరుచుకుంటుంది,
చలి మాత్రం లోపలికి రాదు.
నేను నొక్కిన అక్షరం
వెళ్లి, కొండను తాకి, తిరిగొచ్చి
తెర మీద కనబడాలి.
మంచు కురిసే రోజుల్లో
మాట మొత్తం రాసేసి, టీ ఒక గుక్క తాగి
అప్పుడు చూసుకుంటాను, ఏం రాశానో.
దూరపు కొండలు నునుపంటారు కదా,
తెర మీద మరీ నునుపు.
కాలు జారదు, ఊపిరాడకపోవడం ఉండదు.
నల్లటి పలక, తెల్లటి వరుసలు, అంతే.

ఈ డెస్క్‌టాప్ నాది కాదు, తెమిర్కుల్ గారిది.
తొమ్మిదేళ్లు ఈ కుర్చీని అరగదీసి
నరీన్ వైపు తేనెటీగలు పెంచడానికి వెళ్లిపోయాడు.
మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఇచ్చే మీట మీద
ఆయన బొటనవేలి గుంట ఇంకా ఉంది.

నిన్న డిస్క్ నిండిపోయిందని
పనికిరాని ఫోల్డర్లు దులుపుతుంటే
దొరికింది: అదే పేరు, అదే ఫైలు.
కిందటి మార్చి, రాత్రి పదకొండు నలభై.
రెండు కాపీలూ పక్కపక్కన పెట్టాను.
కొండ మీద 240.
ఇక్కడ 210.
దాని పైన, యంత్రం చదవకుండా గుర్తు పెట్టి,
మనుషుల కోసం రాసిన ముక్క:
"గొర్రెలు కాసే అసనాలీ చెప్పాడు,
తూర్పు ఒడ్డున నల్లరాయి మునిగితే
ఆ రాత్రి కింద ఎవరూ పడుకోకూడదని.
వెళ్లి కొలిచాను. 210."

ఫోన్ చేశాను.
వెనక ఎక్కడో గొడ్డలి చప్పుడు.
"ఆ రాత్రే మార్చాను కదమ్మా,
సేవ్ అయిందని చూపించింది."

అయింది.
ఇక్కడ అయింది.
కొండ మీది ఫైలుకు ఒక నకలు బల్ల మీదికి దించి
ఆ నకలునే దిద్దనిచ్చి
తర్వాత పైకి పంపే పద్ధతి ఆయనది.
ఆ రాత్రి మంచుకు లైను తెగింది.
బల్ల సరేనంది.
కొండ వినలేదు.

గొడ్డలి ఆగింది.
"వేసవిలో నీళ్లు ఎందాకా వచ్చాయి?"
పాత లెక్కలు తీశాను.
జులై ఇరవై తొమ్మిది మొదలు మూడు రాత్రులు,
226.
చెప్పాలా వద్దా అని ఒక క్షణం.
చెప్పాను.

లోయ నిద్రపోయింది ఆ మూడు రాత్రులూ.
ఏమీ కాలేదు.
అసనాలీ పొరబడ్డాడేమో,
లేక గట్టు ఓపిక పట్టిందేమో.
ఇద్దరిలో ఎవరమూ పైకి అనలేదు.

నకలు ముట్టుకోలేదు నేను.
నేరుగా కొండ మీదికే వెళ్లి
ఆ ఒక్క వరుస దిద్దాను, ఆయన ముక్కతో సహా.
సేవ్ చేశాను. బయటికొచ్చాను.
మళ్లీ లోపలికెళ్లి చదివాను.
అయినా మనసొప్పక
చలికాలం కాపలా ఉన్న సుయెర్కుల్‌కి రేడియో చేశాను.
"అక్కడి తెర మీద ఏముందో పైకి చదువు."
కళ్లజోడు వెతుక్కున్న చప్పుడు.
"రెండు... ఒకటి... సున్నా."

"నల్లరాయి కనిపిస్తోందా?"
"ఇప్పుడా? అంతా మంచు కిందే ఉంది.
ఏప్రిల్‌లో అడుగు."